పగడం తెచ్చారా?

ఊరు వెళ్లేవాళ్లను మన ఇళ్లలో రెండు మాటలు అడుగుతారు. ఎప్పుడొస్తారు, ఏం తెస్తారు. కాశీ నుంచి గంగ చెంబు వస్తుంది, తిరుపతి నుంచి లడ్డూ వస్తుంది, ఆత్రేయపురం మీదుగా వచ్చినవాళ్ల సంచిలో పూతరేకుల పొట్లం ఉండి తీరుతుంది. దూరం వెళ్లి వట్టి చేతులతో గుమ్మం ఎక్కడం మనకి అలవాటు లేదు. తెచ్చింది ఎంతటిదని ఎవరూ చూడరు. అక్కడ ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు గుర్తొచ్చారన్నదానికి అదొక ఆనవాలు. అందుకే డిసెంబరు ఆఖరి వారంలో మేము అండమాన్ ప్రయాణం పెట్టుకున్నప్పుడు మా అమ్మ, మెడలో సూత్రాల పక్కనున్న రెండు పగడాలను వేళ్లతో తడుముకుంటూ, "పగడాల దీవికి కదరా వెళ్తున్నారు, పిల్లకి మంచిదొకటి చూసి తీసుకురా" అంది. తను మాత్రం రానంది. ధనుర్మాసంలో రాజమండ్రి ఇంటి వాకిలి ముగ్గు లేకుండా తెల్లవారడం ఆవిడకి ఇష్టం ఉండదు.

అమ్మ అడిగిన పగడం అక్కడ దొరకదని నాకు తెలుసు. నగల్లో పొదిగే ఎర్ర పగడం పేరుపడింది మధ్యధరా సముద్రంలో. అక్కడ వెలుగు పలచబడే లోతుల్లో రాళ్లను పట్టుకుని పెరుగుతుంది. ఇటలీలో నేపుల్స్ పక్కనున్న టోరె డెల్ గ్రెకో అనే ఊరు తరతరాలుగా దాన్ని సానపట్టి బతుకుతోంది. అది సముద్రాలు దాటి మన దాకా రావడమూ ఇవాళ్టి మాట కాదు. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకులు రాసి ఉన్నాయి. కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, పట్టునూలు, వాటితోపాటు పగడాలు. గాలివానకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు చేరితే పాత రాజుల్లా తాను లాక్కోనని వర్తకులకు ఆ రాజు ఇచ్చిన మాట కూడా అందులోనే ఉంది. అంటే ఎంత తక్కువ లెక్కేసినా ఏడెనిమిది వందల ఏళ్లుగా పగడం తెలుగువాళ్ల మెడలో ఉంది. పెళ్లిలో ఉంది, కుజదోషానికి వేలి ఉంగరంలో ఉంది, పసిపిల్లల మొలతాడులో ఉంది. అది ఒకప్పుడు ప్రాణంతో ఉండి, ఆకలేస్తే నోరు తెరిచేదన్న సంగతి మాత్రం మనకు అంతగా తట్టలేదు.

2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊరి పేరు ఇప్పుడు శ్రీవిజయపురం. మనకు అదేమీ పరాయి చోటు కాదు. పాత ఎర్రటి ఇరవై రూపాయల నోటు గుర్తుందా? వెనకవైపు కొబ్బరిచెట్లు, వాటి సందులోంచి సముద్రం, దూరాన ఒక దీపస్తంభం. అది ఈ ఊరికి ఎదురుగా ఉన్న నార్త్ బే. ఏళ్ల తరబడి కూరగాయల కొట్లో, రైతుబజార్లో ఆ సముద్రాన్ని చేతులు మార్చుకుంటూనే ఉన్నాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాతృభాష తెలుగే. విశాఖ నుంచి ఓడలో రెండున్నర రోజుల ప్రయాణం. బజార్లో ఐదు నిమిషాలు నిలబడితే చాలు, ఎక్కడో ఒకచోట శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది.

పగడాలు చూడ్డానికి వెళ్లాల్సింది వండూర్. ఊరి నుంచి ముప్పై కిలోమీటర్లు. దారిలో సిప్పీఘాట్ దగ్గర, ఒకప్పుడు పంట పండిన నేల మీద ఇప్పుడు ఉప్పునీళ్లు నిలిచి ఉన్నాయి. 2004 డిసెంబరు 26న భూమి కంపించినప్పుడు ఈ వైపు నేల దాదాపు మీటరు కుంగిపోయింది. ఉత్తర అండమాన్ వైపు నేల పైకి లేచింది. అక్కడ నీళ్లలో ఉండాల్సిన పగడపు దిబ్బలు గాలిలోకి తేలి, ఎండకు ఎండి చచ్చిపోయాయి. ఒకే దీవుల వరుస, ఒకే ఉదయం. ఒక కొసన మనుషుల పొలాలు మునిగాయి, ఇంకో కొసన సముద్రపు ఊళ్లు ఆరిపోయాయి. వండూర్ ఒడ్డున ఆనాడు చచ్చిన పెద్ద పెద్ద చెట్ల మోళ్లు ఇంకా కనిపిస్తాయి. తెల్లగా, నున్నగా, బెరడు లేకుండా. మేము వెళ్లింది ఆ తారీఖు దాటిన మర్నాడో ఆ మర్నాడో. కారు నడిపే అబ్బాయి సిప్పీఘాట్ దగ్గర బండి నెమ్మది చేశాడు, ఏమీ అనలేదు.

వండూర్ జెట్టీ నుంచి మొదలయ్యేది మహాత్మాగాంధీ సాగర జాతీయ ఉద్యానం. 1983లో ఏర్పడింది. పదిహేను దీవులు, నేలా నీరూ కలిపి 281 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అన్ని దీవుల్లోనూ జనాన్ని దిగనివ్వరు. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా జాలీ బాయ్ దీవికి, వానాకాలంలో రెడ్ స్కిన్ దీవికి. ఒకటి తెరిస్తే ఒకటి మూస్తారు, సోమవారం అసలే సెలవు. పొలాన్ని ఒక ఏడు బీడు పెట్టే రైతుకి ఇందులోని మర్మం విడమర్చి చెప్పక్కర్లేదు.

జెట్టీ దగ్గర సంచులు విప్పి చూపించాలి. చిప్స్ పొట్లాలు, బిస్కట్ల కవర్లు, ప్లాస్టిక్ సంచులు అక్కడే ఉండిపోయాయి. మంచినీళ్ల సీసాలు లెక్కపెట్టి, డిపాజిట్ కట్టించుకుని, సాయంత్రం అన్ని సీసాలూ తెచ్చి చూపిస్తేనే డబ్బు తిరిగిస్తామన్నారు. వరసలో వంద మంది దాకా ఉన్నాం. చెన్నై నుంచి, కోల్‌కతా నుంచి, కర్నూలు నుంచి, కరీంనగర్ నుంచి. ఒక్కరూ గొణగలేదు. ఇంటి దగ్గర చెత్త వేరు చేసి ఇమ్మంటే విసుక్కునే మనుషులమే, అక్కడ పిల్లల జేబుల్లోని చాక్లెట్ కాగితాలు కూడా వెతికి వెతికి తీసిచ్చాం. ఆ వరసలో నిలబడినప్పుడు నాకు సంతోషం వేసింది. మనకి చేతకాకపోవడం కాదు, అడిగేవాళ్లు గట్టిగా, మర్యాదగా, అందరినీ ఒకేలా అడిగితే మనం చేస్తాం.

మడ అడవుల మధ్య నుంచి పడవ గంటసేపు పోయింది. జాలీ బాయ్‌కి జెట్టీ లేదు. పెద్ద పడవ ఆవలే నిలిచిపోతుంది, అక్కడి నుంచి అడుగున అద్దం ఉన్న చిన్న పడవలోకి దించుతారు. ఎనిమిది పది మందిమి బల్లల మీద ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో ఉన్న అద్దం మీదకి వంగాం. బావిలోకి తొంగిచూసే పిల్లల్లా ఉన్నాం అందరం.

మొదట ఇసుక. తర్వాత నీలిమ. ఆ తర్వాత ఒక్కసారిగా అడుగు పైకి లేచి వచ్చినట్టయింది. దుప్పి కొమ్ముల్లాంటివి పొదలు పొదలుగా. విస్తరి పరిచినట్టు బల్లపరుపుగా ఒకటి. పుట్టగొడుగును తిరగేసినట్టు ఇంకొకటి. బుట్టంత ఆల్చిప్ప నీలం అంచు పెదవులు తెరుచుకుని, పడవ నీడ పడగానే మూసుకుంది. నారింజ రంగు చేప ఒకటి పూలగుత్తిలాంటి దాంట్లోంచి తల బయటపెట్టేసరికి మా తొమ్మిదేళ్ల అమ్మాయి "నీమో" అని అరిచింది, పడవంతా నవ్వింది. ఆ తర్వాత గుండ్రంగా, పెద్ద కాగంత పగడం ఒకటి కనిపించింది. దాని ఒళ్లంతా మెలికలు. ఒక గీత బయల్దేరి, వంపు తిరిగి, వెనక్కొచ్చి, పక్క గీతను తాకకుండా దాని చుట్టూ తిరిగి మళ్లీ ఎటో పోతోంది. మనిషి మెదడులా ఉంటుందని దానికి మెదడు పగడం అని పేరు. మా అమ్మాయి ఆ పేరు ఒప్పుకోలేదు. "ముగ్గులా ఉంది నాన్నా, నానమ్మ పెట్టే ముగ్గు" అంది. నేను మళ్లీ చూశాను. నిజమే, అచ్చం మెలికల ముగ్గు.

పడవలో ఒకాయన కొంచెం నిరాశగా, "ఫోన్లో చూసినప్పుడు రంగురంగులుగా ఉంటాయి, ఇవన్నీ మట్టి రంగేమిటి" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, అందరం అదే ఊహించుకుని వెళ్తాం. అక్కడ ఎక్కువగా కనిపించేది గోధుమ రంగు, పాచి ఆకుపచ్చ, ఆవపిండి పసుపు. ఆ మట్టి రంగే ఆరోగ్యం. పగడం అంటే మనం ఒక్కటిగా చూసేది నిజానికి వేలమంది ఉన్న పేట. ఒక్కో పురుగు చాలావాటిలో సజ్జగింజంత ఉంటుంది. దానికి ఒక నోరు, నోటి చుట్టూ సన్నటి చేతులు. దాన్నే పాలిప్ అంటారు. అది సముద్రపు నీళ్లలోంచి సున్నం తీసుకుని తన చుట్టూ గిన్నెలాంటి రాతి ఇల్లు కట్టుకుంటుంది. దాని ఒంటి లోపల కంటికి ఆనని నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు ఎండను పట్టి వంట చేస్తుంది. పగడానికి కావలసిన తిండిలో చాలా భాగం, కొన్నింట నూటికి తొంభై పాళ్ల దాకా, ఆ వంటే. ఇల్లు ఇచ్చింది పగడం, అన్నం పెట్టేది నాచు. మనకు కనిపించే మట్టి రంగు ఆ వంటామె చీర రంగు.

అదే పడవలో ఒకావిడ కాసేపటికి "అదిగో ఎంత తెల్లగా ఉందో, మల్లెమొగ్గల్లా" అని చూపించింది. కొమ్మలు కొమ్మలుగా ఉన్న పగడం ఒకవైపు పూర్తిగా తెల్లగా, చూపు తిప్పుకోలేనంత అందంగా ఉంది. పడవ నడిపే కుర్రాడు నెమ్మదిగా చెప్పాడు: "అది జబ్బు చేసిందమ్మా." పడవ కాసేపు నిశ్శబ్దమైపోయింది.

నీళ్లు మామూలు వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలపాటు అలాగే ఉండిపోతే, లోపలి నాచు వండే వంట విషంగా మారుతుంది. పగడం తట్టుకోలేక దాన్ని బయటికి వెళ్లగొడుతుంది. నాచు పోయాక మిగిలేది అద్దంలాంటి చర్మం, దాని వెనక తెల్లటి ఎముక. అప్పటికింకా అది చావలేదు. ఆకలితో ఉంది. నీళ్లు త్వరగా చల్లబడితే నాచు తిరిగొస్తుంది, కాపురం నిలబడుతుంది. ఆలస్యమైతే లేదు. అండమాన్‌లో 2010 వేసవిలో ఇది పెద్ద ఎత్తున జరిగింది, 2016లో మళ్లీ జరిగింది. లోకమంతటా ఒకేసారి ఇలా తెల్లబడడం ఇప్పటికి నాలుగుసార్లు లెక్కకెక్కింది. 1998లో ప్రపంచపు పగడపు దిబ్బల్లో 21 శాతం వేడి దెబ్బ తిన్నాయి, 2010లో 37 శాతం, 2014 నుంచి 2017 దాకా 68 శాతం. 2023 జనవరిలో మొదలైన నాలుగో విడతలో 2025 మార్చి నాటికి 84 శాతం. ఈ నాలుగు అంకెలను వరసగా చదివితే ఇంకే వివరణా అక్కర్లేదు.

ఒక మాట మీద నాకెప్పుడూ మమకారం. పగడానికి మన నిఘంటువుల్లో విద్రుమం అని ఇంకో పేరుంది. ద్రుమం అంటే చెట్టు, విద్రుమం అంటే విశేషమైన చెట్టు. ప్రవాళం అన్నా పగడమే, ఆ మాటకు చిగురు అన్న అర్థమూ ఉంది. మన పూర్వులు దాన్ని చెట్టనుకున్నారు. వాళ్లే కాదు, లోకమంతా అలాగే అనుకుంది. 18వ శతాబ్దం తొలినాళ్లలో పెయ్‌సొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు పగడాన్ని సముద్రపు నీళ్లలో పెట్టి చూసి, ఇవి పువ్వులు కావు, పురుగులు అని రాస్తే పారిస్ పండితులు నమ్మలేదు. పాతవాళ్లు పొరబడ్డారని నేననను. చెట్టన్నప్పుడు అందులో ప్రాణం ఉందని ఒప్పుకున్నట్టే. ఇవాళ మనం దాన్ని రాయి అంటున్నాం, జాతిరాయి అంటున్నాం. ఆ రెంటిలో ఏది సత్యానికి దగ్గరో చెప్పమంటే, నేను విద్రుమం వైపే నిలబడతాను.

తర్వాత నీళ్లలోకి దిగాం. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం, చేయి పట్టుకుని తీసుకెళ్లడానికి ఒక కుర్రాడు. మొదట చెప్పింది ఒకటే మాట: కాలు ఎక్కడా ఆనించొద్దు. తల నీళ్లలో ముంచగానే నన్ను ఆశ్చర్యపరిచింది చూపు కాదు, వినికిడి. సముద్రం లోపల నిశ్శబ్దం ఉంటుందనుకున్నాను. కాదు. వేడి ఇసుకలో పేలాలు వేయిస్తుంటే వచ్చే చిటపట, నాలుగు వైపుల నుంచీ, ఎడతెగకుండా. పగడాల సందుల్లో దాక్కుని చిన్న చిన్న రొయ్యలు చిటికెలు వేస్తుంటాయట, ఆ చప్పుడది. దాని మధ్యలో ఎక్కడో కొబ్బరి కోరుతున్నట్టు బరుకు చప్పుడు. తల తిప్పితే చిలక చేప. ముక్కు నిజంగానే చిలక ముక్కు. రాతిని గీరి నాచు తింటోంది. తిన్న రాతిపొడిని పొట్టలో నూరి వెనక నుంచి తెల్లటి పొగలా వదిలేస్తోంది. ఆ పొగ నెమ్మదిగా అడుగుకు దిగి ఇసుకైంది. ఒడ్డున మేము చెప్పులు వదిలి నడిచిన మెత్తటి ఇసుకలో చాలా భాగం ఇలా వచ్చిందే. చచ్చిన పగడాన్ని చేప తింటుంది, చేప వదిలిన ఇసుక దీవి అవుతుంది, దీవి మీద చెట్టు మొలుస్తుంది. అద్దం వెనక నా కళ్లు తడిశాయో ఉప్పునీరు దిగిందో చెప్పలేను.

అన్నం తిన్నాక ఒడ్డు వెంట నడుస్తుంటే మా అమ్మాయి వంగి ఏదో తీసింది. అరచేతిలో పట్టేంత పగడపు ముక్క. ఎప్పుడో చచ్చిపోయి, అలలకు అరిగి, అంచులు నున్నబడింది. మీద సూదిమొనంత గుంటలు, ఒక్కో గుంటలో చక్రపు ఆకుల్లా గీతలు. ఒక్కో గుంట ఒక్కో పురుగు ఇల్లు. పిల్ల దాన్ని చెంపకి ఆనించుకుని చూసింది, వాసన చూసింది, చివరికి గుప్పెట మూసింది. ఆ గుప్పెట ఎందుకు మూసిందో నాకు తెలుసు. నానమ్మ అడిగింది కదా.

చెట్టు నీడలో నిలబడ్డ అటవీశాఖ గార్డు అది చూశాడు. యాభై దాటిన మనిషి. మా మాటలు వినే ఉంటాడు, తెలుగులోనే పలకరించాడు.

"ఏటమ్మా అది?"

పిల్ల గుప్పెట విప్పింది.

"పెట్టీమ్మా అక్కడే. తీసుకెల్లకూడదు."

"ఇది చచ్చిపోయింది అంకుల్. బతికున్నది కాదు."

ఆయన కోప్పడలేదు, చట్టం చెప్పలేదు. చట్టం ఉంది. 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో సమానంగా. చచ్చిన ముక్కకైనా అదే వర్తిస్తుంది, విమానాశ్రయంలో సంచిలో కనబడితే పట్టుకుంటారు. ఆయన అవేవీ చెప్పకుండా పిల్ల ముందు గొంతుకు కూర్చున్నాడు.

"చచ్చిపోతే మాత్రం ఏటమ్మా. దానికింకా పనున్నాది" అన్నాడు.

ఏం పని అని పిల్ల అడిగింది. ఆయన అటు నీళ్లు చూపించి చెప్పుకొచ్చాడు. పగడపు పిల్లలు పుట్టినప్పుడు ఆవగింజకన్నా చిన్నవట, నీళ్లలో తేలుతూ నిలబడ్డానికి గట్టి చోటు వెతుక్కుంటాయట. ఇసుక మీద నిలవలేవు, కదిలిపోతుంది. చచ్చిన పగడం మీదే వాలతాయి. దాని మీదే ఇల్లు కట్టుకుంటాయి. కింద ఉన్నది చచ్చి ఎన్నేళ్లైనా పైనున్నదాన్ని మోస్తూనే ఉంటుంది. మోయలేనంత అరిగిపోతే ఇసుకై ఒడ్డును కాస్తుంది. "మా తాత సోంపేట నుంచి వచ్చీసినాడు. ఆయన కట్టిన ఇంటి పునాది మీదే నేనిల్లు లేపినాను. తాత లేడు, పునాది ఉన్నాది. అలగన్నమాట" అన్నాడు.

పగడాల మీద నేను చదివిన పుస్తకాలేవీ నాకు ఇంత బాగా అర్థమయ్యేట్టు చెప్పలేదు. డార్విన్ 1842లో రాసిన పుస్తకంలో చెప్పినదీ దగ్గరదగ్గరగా ఇదే. నడిసముద్రంలో ఉంగరాల్లా కనిపించే పగడపు దీవుల కింద ఒకప్పుడు అగ్నిపర్వతం ఉందని, అది కుంగుతున్నకొద్దీ పగడం తన పూర్వీకుల మీద ఇల్లు లేపుకుంటూ వెలుగును వదలకుండా పైకి వచ్చిందని. నూట పదేళ్ల తర్వాత, 1952లో, పసిఫిక్‌లోని ఎనెవెటాక్ దీవిలో బోరు వేస్తే కిలోమీటరుకు పైగా పగడపు సున్నపురాయే వచ్చింది, ఆ తర్వాతే అగ్నిపర్వతపు నల్లరాయి తగిలింది. కిలోమీటరు ఎత్తున చచ్చినవాళ్లు. వాళ్ల తల మీద బతికున్నది పలచటి పొర.

చచ్చిన పగడాన్ని తీసేస్తే ఏమవుతుందో మనకు పొరుగునే తెలిసొచ్చింది. తమిళనాడులో మన్నార్ సింధుశాఖలో సున్నానికీ కట్టడాలకీ ఏళ్ల తరబడి పగడపు రాయిని తవ్వుకుపోయారు. తూత్తుకుడి వైపున్న విలాంగుచల్లి, ఉత్తరాన ఉన్న పూవరసన్‌పట్టి అనే రెండు దీవులు నీళ్లలో కలిసిపోయాయి. తవ్వినవాళ్లు దుర్మార్గులు కారు. మన తీరంలో గవ్వలు కాల్చి గుల్లసున్నం చేసుకున్నట్టే వాళ్లూ చేతికందిన సున్నం తెచ్చుకున్నారు, బతుకుతెరువు అది. ఆ రాయికి అక్కడ ఇంకా పని ఉందని వాళ్లకు చెప్పినవారు లేరు. దిబ్బ ఉన్నచోట అల శక్తిలో నూటికి తొంభై పాళ్ల పైనే దాని మీద విరిగిపోయి, ఒడ్డుకు నురగ మాత్రమే చేరుతుంది. దిబ్బ లేనిచోట అల తిన్నగా వాకిట్లోకి వస్తుంది.

ఈ మాట ఇవాళ గట్టిగా అనుకోవలసిన అవసరమూ ఉంది. గ్రేట్ నికోబార్‌లో గలతియా అఖాతం దగ్గర కట్టబోయే పెద్ద రేవుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. అక్కడి పదహారు వేలకు పైగా పగడపు గుంపులను తీసి వేరే చోట నాటుతామంటున్నారు. రేవు దేశానికి అవసరమన్న వాదనను నేను తేలిగ్గా తీసుకోను, ఆ పని చేసే శాస్త్రవేత్తల శ్రద్ధను శంకించను. పగడాన్ని నాటడం సాధ్యమే, చాలా చోట్ల చేస్తున్నారు. అయితే తరలేది పైనున్న బతికిన పొర ఒక్కటే. కింద వేల ఏళ్లుగా పేరుకున్న పునాది సంచిలోకి రాదు. అడవిని నరికి మొక్కలు వేరేచోట నాటినప్పుడు లెక్క సరిపోయినట్టు కనిపిస్తుందే, ఆ లెక్క ఇక్కడా సరిపోదని నా భయం.

మా గోదావరి ఒడ్డుకు పగడం ఎందుకు లేదని పిల్ల తిరుగు పడవలో అడిగింది. మా నది ఏటా తెచ్చే ఒండ్రే కారణం. పగడానికి తేట నీళ్లు కావాలి, ఎండ అడుగు దాకా దిగాలి. గోదావరి, కృష్ణ కలిసేచోట సముద్రం ఎర్రగా, మందంగా ఉంటుంది. ఆ ఒండ్రు మనకు వరి ఇచ్చింది, పగడాన్ని దూరం పెట్టింది. అందులో ఎవరి తప్పూ లేదు. వేడి సంగతి అలా కాదు. జాలీ బాయ్‌లో ఒక్క మనిషీ కాపురం లేడు, పొయ్యి వెలిగించేవాడు లేడు. అక్కడ తెల్లబడిన ఆ కొమ్మకు తగిలిన వేడి మా ఊళ్లో, మీ ఊళ్లో, లోకంలోని అన్ని ఊళ్లలో పుట్టింది. సీసాలు లెక్కపెట్టి పంపే జెట్టీ ఆ వేడిని ఆపలేదు.

పడవ ఎక్కకముందే పిల్ల ఆ ముక్కను ఎక్కడ తీసిందో అక్కడికే నడిచి వెళ్లి పెట్టింది. పెట్టి రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కెళ్లి, అల తగిలేట్టు కొంచెం లోపలికి జరిపింది. గార్డు అది చూశాడు. తల ఊపాడు, అంతే. వండూర్‌లో మా సీసాలు నాలుగూ చూపించి డిపాజిట్ వెనక్కి తీసుకున్నాం.

ఇల్లు చేరింది రాత్రి పొద్దుపోయాక. తెల్లవారుజామున వాకిట్లో చప్పుడైతే లేచి చూశాను. మంచు ఇంకా విడలేదు. వీధి చివర గుడి మైకులో తిరుప్పావై. అమ్మ కల్లాపి చల్లిన నేల మీద చుక్కలు పెట్టి, మెలికల ముగ్గు వేస్తోంది. పిండి జారుతున్న గీత ఒక చుక్కను చుట్టి, వంపు తిరిగి, పక్క చుక్క వెనక నుంచి వచ్చి, ఎక్కడా తెగకుండా సాగుతోంది. మా అమ్మాయి దుప్పటి కప్పుకుని అప్పటికే మెట్టు మీద కూర్చుని ఉంది.

"నువ్వు నీళ్లలో కూడా వేశావా నానమ్మా?" అంది.

అమ్మ తలెత్తకుండా గీత పూర్తిచేసి, నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది. "ఏది, పగడం తెచ్చారా?" అని అడిగింది.

"లేదు నానమ్మా. దానికి అక్కడ పనుంది."